ఆదివారం కెమెరా, సోమవారం బడి

ఒడిశాలోని పర్లాకిమిడిలో పెళ్లి ఫోటోలు తీసి బతికేవాళ్లకు ఆషాఢమూ మూఢమూ పని లేని కాలం. ముహూర్తాలు లేకపోతే కల్యాణ మండపాలకు తాళాలు పడతాయి, బజారులోని స్టూడియోలకు పాస్‌పోర్టు ఫోటోలే దిక్కవుతాయి. అయితే ఈ ప్రాంతంలో పంచాంగానికి పక్కనే ఇంకొక క్యాలెండరు కూడా నడుస్తూ ఉంటుంది. 1992 అక్టోబరు 2న గంజాం నుంచి విడిపోయి ఏర్పడిన మా గజపతి జిల్లాలో, 2011 జనాభా లెక్కల ప్రకారం, మూడో వంతుకు పైగా జనం క్రైస్తవులు. కెనడా బాప్టిస్టు మిషనరీల కాలం నుంచి ఇక్కడ ఆరాధన పట్నంలో తెలుగులోనూ ఒడియాలోనూ, కొండల మీద గిరిజనుల సవర భాషలోనూ సాగుతోంది. చర్చి పెళ్లికి తిథి నక్షత్రాల అడ్డు లేదు. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల కాలం నలభై రోజులూ తప్పిస్తే, రెండు వైపుల పెద్దలకూ పాస్టరు గారికీ కుదిరిన రోజే మంచి రోజు. వారమంతా ఒక ప్రైవేటు పాఠశాలలో కంప్యూటరు పాఠాలు చెప్పుకుంటూ, ఆదివారాలూ సెలవులూ మాత్రమే చేతిలో ఉన్న నాలాంటివాడికి ఫోటోగ్రఫీ రెండో ఆదాయంగా నిలబడిందంటే అందుకు ప్రతిభ కన్నా ఈ రెండు క్యాలెండర్లే ఎక్కువ కారణం.

ఈ పనిలోకి దిగాలనుకునే కుర్రవాళ్లు నన్ను మొదట అడిగేది ఏ కెమెరా కొనమంటారని. అంతకన్నా ముందు తేల్చుకోవలసిన సంగతి ఒకటుంది: ఏ ఫోటో ఉచితంగా తీయాలి, ఏ ఫోటోకు డబ్బు తీసుకోవాలి. అందరికీ అందరూ తెలిసిన ఊళ్లో ఈ గీత ముందుగా గీసుకోనివాడు రెండేళ్లు తిరగకుండానే, సంఘంలో ఏ కార్యక్రమం జరిగినా పిలవగానే వచ్చే ఉచిత కెమెరాగా మిగిలిపోతాడు, లేదా ప్రతి క్లిక్కుకూ బేరమాడే మనిషని పేరు తెచ్చుకుంటాడు. ఈ రెండింటిలో ఏది జరిగినా వ్యాపారం అక్కడితో ఆగిపోతుంది.

నేను పెట్టుకున్న పద్ధతి ఇది. మా సంఘమంతా కలిసి చేసుకునేవి, అంటే క్రిస్మస్ ఆరాధన, ఈస్టరు తెల్లవారుజాము ఆరాధన, కోత పండుగ, సండే స్కూల్ వార్షికోత్సవం వంటివి, నా కానుక కింద ఉచితంగా తీస్తాను. ఒక కుటుంబం తన కోసం చేసుకునేవి, అంటే ప్రధానం, పెళ్లి, గృహ ప్రతిష్ఠ, పుట్టినరోజు కూటం వంటివి, ఎవరివైనా డబ్బుకే తీస్తాను. మా బాబాయి గారి అమ్మాయి పెళ్లయినా అంతే; చదివింపులు వేరు, ఫోటోల లెక్క వేరు. ఇతర సంఘాలు పెట్టుకునే ఉజ్జీవ కూటాలకూ సువార్త సభలకూ దారి ఖర్చులు, దానిపైన సగం రేటు. ఈ పద్ధతికి ఒకే ఒక మినహాయింపు ఆదరణ కూటం. మనిషి పోయిన ఇంటికి కెమెరా పట్టుకుని వెళ్లినందుకు డబ్బు పుచ్చుకోవడం నాకు చేతకాదు. ఈ సంగతులన్నీ ఒక కాగితం మీద తెలుగులోనూ ఒడియాలోనూ అచ్చు వేయించి దగ్గర ఉంచుకున్నాను. నోటితో చెబితే బేరంలా వినిపించే మాట కాగితం మీద ఉంటే నియమంలా కనిపిస్తుంది.

ఉచితంగా తీసిన ఫోటోలు పని ఎలా తెచ్చిపెడతాయో కోత పండుగ ఒక్కటి చూస్తే చాలు. ఆ ఆదివారం గుమ్మడికాయలు, అరటి గెలలు, చోళ్లు, కందులు, కాళ్లు కట్టిన కోళ్లు ప్రసంగ వేదిక ముందు కుప్పగా చేరతాయి. ఆరాధన ముగిశాక వాటిని వేలం వేస్తారు. పాట పెరిగే కొద్దీ నవ్వులూ పెరుగుతాయి. బజారులో కొనగలిగే ధరకు మూడింతలు పెట్టి ఒకరు కోడిపుంజును పాడుకుని, మళ్లీ దాన్నే సంఘానికి ఇచ్చేస్తారు. ఆ సందడిలో ఎవరూ కెమెరా కోసం బిగుసుకుని నిలబడరు. ఒక ఏడు, సంచిలోంచి గుమ్మడికాయ తీసి రెండు చేతులా ఎత్తి పట్టుకుని వస్తున్న ఒక మామ్మగారిని, తలుపు వైపు నుంచి వెలుతురు ముఖం మీద పడుతుండగా తీశాను. ప్రింటు వేయించి మరుసటి ఆదివారం చేతిలో పెడితే, కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసుకుని, "నానేనా బాబూ, ఇలాగున్నానేటి?" అని అడిగి కొంగున దాచుకున్నారు. తరువాతి వేసవిలో ఆమె పోయినప్పుడు ఇంట్లో వెతికితే ఆధార్ కార్డు మీది బొమ్మ తప్ప వేరే ఫోటో దొరకలేదట. పన్నెండు పద్దెనిమిది సైజులో ఫ్రేము కట్టించి ఆదరణ కూటంలో పెట్టింది ఆ కోత పండుగ ఫోటోనే. ఆ కూటానికి టెక్కలి నుంచీ పాతపట్నం నుంచీ వచ్చిన బంధువుల్లో రెండు కుటుంబాలు అదే ఏడు తమ పిల్లల పెళ్లిళ్లకు నన్ను పిలిచాయి. ఏ గోడ మీద ఏ బోర్డు పెట్టినా నాకు ఇంత పని వచ్చేది కాదు. ఈ లెక్క మనసులో పెట్టుకుని కోత పండుగకు వెళ్లడం మాత్రం నాకు కొంచెం ఎబ్బెట్టుగానే ఉంటుందని కూడా ఇక్కడ చెప్పాలి.

పర్లాకిమిడి 1936 ఏప్రిల్ 1న మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి విడిపడి ఒడిశాలో కలిసింది గాని, చుట్టరికాలకు ఆ సరిహద్దు తెలియదు. ఇక్కడి పిల్లను అటు ఇస్తారు, అటు పిల్లను ఇటు తెచ్చుకుంటారు. అందువల్ల ఇక్కడ తీసిన ఒక ఆల్బమ్ శ్రీకాకుళం జిల్లాలో నాలుగైదు ఊళ్లు తిరుగుతుంది. పాతపట్నం పెళ్లికి బైకు మీద వెళ్లి రావచ్చు. దాని దారి ఖర్చు నేను లెక్కలో వేయను. శ్రీకాకుళం దాకా వెళ్లవలసి వస్తే వేస్తాను.

చర్చి పెళ్లికి ఫోటోగ్రాఫరుకు ఒక పెద్ద వెసులుబాటు ఉంది. అది చట్టం ఇచ్చినది. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం, ప్రత్యేక అనుమతులున్న కొన్ని సందర్భాలు మినహా, పెళ్లిని ఉదయం 6 గంటల నుంచి సాయంత్రం 7 గంటల లోపల జరిపించాలంటుంది. కాబట్టి అర్ధరాత్రి ముహూర్తాలకు కావలసిన లైట్ల సరంజామా లేకుండానే, కిటికీల వెలుతురుతో పని మొదలుపెట్టవచ్చు. సుమారు 10,000 రూపాయలకు వచ్చే, తక్కువ వెలుతురులోనూ పనిచేసే 50 ఎంఎం, ఎఫ్ 1.8 లెన్సు ఒకటి ఉంటే చాలా వరకు గట్టెక్కుతుంది. చిన్న సెన్సరున్న కెమెరాకు తగిలిస్తే అది 75, 80 ఎంఎం లెన్సులా పనిచేస్తుంది కాబట్టి, వధూవరుల దగ్గరికి జొరబడకుండానే ముఖాలు అందుతాయి. అయితే నేను చూసిన చర్చీల్లో చాలా వాటికి గోడలు లేత నీలమో లేత ఆకుపచ్చో, పైకప్పు రేకులు. ఫ్లాష్‌ను పైకి తిప్పి వెలుతురును కప్పు మీది నుంచి కిందికి దించుకునే ఉపాయం తెల్లటి శ్లాబు కింద పనిచేస్తుంది గాని రేకుల కింద పనిచేయదు, నీలి గోడకు కొడితే పెళ్లికూతురు ముఖం కూడా నీలంగానే వస్తుంది. అలాంటి చోట ఫ్లాష్ ఆపేసి, వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి అయిన ఐఎస్‌ఓ పెంచుకోవడమే మేలు. ట్యూబులైట్లతో ఇంకొక చిక్కుంది: మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఆ వెలుతురు సెకనుకు 100 సార్లు హెచ్చుతగ్గులవుతుంది, షట్టరు వేగం అంతకు మించితే ఫోటోలో అడ్డంగా చారలు పడవచ్చు, ఒక ఫోటో పసుపుగా, దాని పక్కది ఎర్రగా రావచ్చు. ప్రమాణాలు చేసేటప్పుడు ఎవరూ పరుగెత్తరు కాబట్టి షట్టరును సెకనులో 1/100వ వంతు దగ్గర నిలిపితే ఆ బెడద ఉండదు.

అన్నిటికన్నా ఇబ్బంది పెట్టేవి తెల్ల చీరా నల్ల కోటూ. మా వైపు క్రైస్తవ పెళ్లికూతురు తెల్ల పట్టుచీర మీద తెల్ల మేలిముసుగు వేసుకుంటుంది, పెళ్లికొడుకు నల్ల సూటు వేసుకుంటాడు. కెమెరా తనంతట తాను వెలుతురు కొలిచినప్పుడు ఎదుట ఉన్నదంతా నడిమి బూడిద రంగేనని అనుకుంటుంది కాబట్టి, ఫ్రేము నిండా చీరే ఉంటే అది మాసిన బట్టలా కనిపిస్తుంది. ఒకటి నుంచి రెండు స్టాపుల దాకా వెలుతురు పెంచాలి (ఒక్కో స్టాపుకు వెలుతురు రెట్టింపవుతుంది). ఫ్రేము నిండా సూటే ఉంటే తగ్గించాలి. ఇద్దరూ పక్కపక్కన నిలబడితే చీర అంచు జరీ కనిపించేలా కొలిచి, సూటు నలుపును తరువాత కంప్యూటరులో ఫోటోలు సరిదిద్దే లైట్‌రూమ్‌లో చూసుకోవడం నా పద్ధతి. ఫోటోలో జరీ కనిపించకపోతే పెళ్లికూతురి తల్లి ఒప్పుకోరు, సూటు మడతలు కనిపించలేదని మాత్రం ఎవరూ అడగరు.

చాలామంది పెళ్లి ఫోటోగ్రాఫర్లు వదిలేసేది వివాహ రిజిస్టరు మీద సంతకాలు. ప్రార్థన అయ్యాక అందరూ భోజనాల వైపు చూస్తుండగా ఒక పక్క బల్ల దగ్గర వధూవరులు, పాస్టరు గారు, ఇద్దరు సాక్షులు సంతకాలు చేస్తారు. సాక్షుల్లో ఒకరు తరచూ ఊరి పెద్దమనిషో పెళ్లికూతురి మేనమామో అయి ఉంటారు. ఆయన కళ్లజోడు సర్దుకుని, పేరు మొత్తం రాసే ఆ నిమిషం ఆ ఇంటివాళ్లకు ఎంత ముఖ్యమో ఆల్బమ్ ఇచ్చిన రోజున తెలుస్తుంది. ఆ ఫోటోకు ఒక పేజీ కేటాయించి, మేనమామ గారికి ఒక ప్రింటు విడిగా ఇస్తాను.

బాప్తిస్మాల ఫోటోలు వేరే జాగ్రత్త కోరతాయి. మా వైపు అవి మహేంద్రతనయ నదిలో ఉదయం పూట జరుగుతాయి. పాస్టరు గారు మనిషిని ఏ పక్కకు వంచి ముంచుతారో ముందుగానే అడిగి, ముఖం కనిపించే వైపు నీళ్లలో మోకాళ్ల దాకా దిగి నిలబడాలి; పైకి లేచేటప్పుడు నీటి బొట్లు గాలిలో నిలవాలంటే షట్టరు 1/500 కన్నా తగ్గకూడదు. సాంకేతికం ఇంతే. అసలు జాగ్రత్త ఆ తరువాతిది. స్త్రీలు తడి బట్టలతో ఒడ్డుకు వచ్చి దుప్పటి కప్పుకునే దాకా కెమెరా కిందికి దించి ఉంచాలి. అలా దించి ఉంచుతానని సంఘంలోని అక్కలకు తెలిసింది కాబట్టే వాళ్ల ఇళ్లలోకి కెమెరాతో రానిస్తున్నారు. బాప్తిస్మం ఫోటోలు ఆ కుటుంబానికి తప్ప ఎవరికీ పంపను, నా పేజీలో పెట్టను. ఒడిశాలో 1967 నుంచి మత స్వేచ్ఛ చట్టం ఉంది; మత మార్పిడి విషయంలో 1989 నియమాల ప్రకారం మేజిస్ట్రేటు ముందు ప్రకటన వంటి లాంఛనాలున్నాయి. ఎవరి కాగితాలు ఏ దశలో ఉన్నాయో నాకు తెలియనప్పుడు, నేను పెట్టిన ఫోటో ఒకటి ఎవరి చేతిలోనో సాక్ష్యంగా మారే పరిస్థితి రాకూడదు. నాలుగు లైకుల కోసం ఒక ఇంటి ప్రశాంతతను పణంగా పెట్టడానికి ఎవరికీ హక్కు లేదు.

కొండ మీది ఊళ్ల పని గురించి చెప్పాలి. సెరంగో వైపూ చంద్రగిరి వైపూ సవర సంఘాల వార్షిక సభలకు పిలుపు వస్తే వదులుకోను. జనరేటరు దీపాలు, ఆకుల పందిరి, రాత్రి పొద్దుపోయే దాకా పాటలు. గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో ఉద్యోగం చేస్తూ సవర భాష నేర్చి దానికి నిఘంటువు కట్టారు. అదే ఊరివాడినైన నేను నేర్చుకున్నది పలకరింపులూ, ఇటు చూడండి, కొంచెం జరగండి అనే మాటలూ మాత్రమే. ఆ పాటి మాటలకే ముఖాలు విప్పారుతాయి. అక్కడ సిగ్నలు అంతంత మాత్రం కాబట్టి గూగుల్ డ్రైవ్ లింకు పంపుతానంటే ఎవరికీ ఉపయోగం లేదు. నాలుగు ఆరు సైజు ప్రింట్లు వేయించి, ఊరి పేరు రాసిన కవర్లలో పెట్టి, సంతకు దిగిన పెద్దల చేతికిస్తాను. ఆ కవరు తెరిచి సంతలోనే పదిమంది చేతులు మారి చూసుకునే ప్రింటుకు ఉన్న విలువ ఫోనులోని ఫోటోకు లేదు.

ఇక లెక్కలు. ప్రారంభ స్థాయి డీఎస్‌ఎల్‌ఆర్ షట్టరుకు సాధారణంగా లక్ష క్లిక్కుల ఆయుష్షు చెబుతారు. కెమెరా ధర 40,000 రూపాయలనుకుంటే ఒక్కో క్లిక్కుకు 40 పైసలు. ఒక పెళ్లిలో 1,500 ఫోటోలు తీస్తే కెమెరా అరుగుదలే 600 రూపాయలు. 24 మెగాపిక్సెల్ రా ఫైలు (కెమెరా మార్పులు చేయకుండా దాచే అసలు ఫోటో) ఒకటి సుమారు 30 ఎంబీ ఉంటుంది కాబట్టి ఆ పెళ్లి మొత్తం 45 జీబీ అవుతుంది. 64 జీబీ కార్డు ఒకటి దానికే పోతుంది, ఇంటికి వచ్చిన రాత్రే రెండు వేర్వేరు హార్డ్ డిస్కుల్లోకి ఎక్కించే దాకా ఆ కార్డును తుడవకూడదు. దీనికి తోడు ఎడిటింగు గంటలు, విశాఖపట్నం ల్యాబ్ నుంచి వచ్చే కరిజ్మా ఆల్బమ్ (పుస్తకంలా అచ్చయ్యే పెళ్లి ఆల్బమ్) ఖరీదు, పార్సిలు ఛార్జీలు. ఇవన్నీ కాగితం మీద వేసుకున్నాకే రేటు పెట్టాలి గాని, పక్క స్టూడియో ఎంత తీసుకుంటున్నదో చూసి దానిలో వెయ్యి తగ్గించి పెట్టకూడదు. పక్క స్టూడియో యజమానికి అదే జీవనం. జీతం వచ్చే ఉద్యోగం పెట్టుకుని ఆయన రేటును పడగొట్టడం న్యాయం కాదని కూడా నా అభిప్రాయం. నా రేటు ఊళ్లోని స్టూడియోలతో సమానం. అడ్వాన్సు సగం, ఆల్బమ్ ఇచ్చేటప్పుడు సగం. పాస్టరు గార్లకు కమీషన్ ఇచ్చి పెళ్లిళ్లు తెచ్చుకునే అలవాటు కొన్నిచోట్ల ఉందని వింటాను. అది మొదలైతే ఆ ఖర్చు ఆడపిల్ల తండ్రి నెత్తినే పడుతుంది కాబట్టి నేను దాని జోలికి పోను.

అడ్వాన్సు నియమం ఊరికే పుట్టలేదు. కొన్నేళ్ల కిందట పొరుగు ఊరిలో ఒక సభ నిర్వాహకులు మూడు రాత్రుల కూటాలకు పిలిచి, రేటు ఒప్పుకుని, ఫోటోలు చేతికందాక, "దేవుడు నిన్ను దీవిస్తాడు తమ్ముడూ" అని చెప్పి పంపించారు. దేవుడి దీవెన మీద నాకేమీ అనుమానం లేదు. పెట్రోలు బంకువారు దాన్ని స్వీకరించరు, అంతే.

చట్టపరంగా కొత్తవాళ్లు తెలుసుకోవలసినవి పెద్దగా లేవు. సేవలకు జీఎస్టీ నమోదు ఒడిశాలో ఏడాదికి 20 లక్షల రూపాయల వ్యాపారం దాటితేనే అవసరం, మన లెక్క ఆ దరిదాపులకు రాదు. చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ నమోదు ఆన్‌లైన్‌లో ఉచితం. ప్రభుత్వ ఉద్యోగులైతే పై అధికారుల అనుమతి చూసుకోవాలి. కాపీరైటు సంగతి మాత్రం చాలామందికి తలకిందులుగా తెలుసు. 1957 కాపీరైటు చట్టం 17వ సెక్షను ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోకు, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు తీయించుకున్నవారే, తీసినవారు కాదు. కాబట్టి పెళ్లి ఫోటోలు నా ప్రచారానికి వాడుకోవాలంటే బుకింగు కాగితంలోనే ఆ మాట రాయించి సంతకం తీసుకోవాలి. నేను తీసుకుంటాను. వద్దన్నవారి ఫోటోలు పెట్టను, అందుకు రేటు పెంచను కూడా.

చర్చి పనులే చేస్తానని అనుకోకండి. మా వీధిలో శ్రీరామ నవమి పందిరికీ, కార్తీక వనభోజనాలకూ, రథయాత్రకూ ఇదే పద్ధతి నడుస్తుంది: వీధి అందరిదీ ఉచితం, ఇంటిది డబ్బుకు. వనభోజనాల్లో పిల్లలను పరుగులెత్తించి తీసిన ఫోటోలు గృహప్రవేశాలూ ఉపనయనాలూ ఓణీల వేడుకలూ తెచ్చాయి. క్రైస్తవుడినని ఎవరూ వేరుగా చూడలేదు. పూజ గదిలోకి చెప్పులతో వెళ్లకూడదనీ, హోమానికీ కర్తకూ మధ్యగా దాటకూడదనీ, జీలకర్ర బెల్లం సమయానికి పురోహితుల వెనుక నిలబడకూడదనీ తెలిసి ఉంటే చాలు. ఆ సంగతులు తెలియని ఫోటోగ్రాఫరు ఏ మతంవాడైనా తిట్లు తింటాడు.

ఆదివారం ఆరాధన సమయంలో ఫోటోలు తీస్తే ఇక ఆరాధన ఎప్పుడు చేస్తావని మా అమ్మ అడుగుతుంది. ఆ ప్రశ్న న్యాయమైనదే. అందుకని ఉచిత ఆరాధనల్లో పాటలప్పుడూ కానుకలప్పుడూ మాత్రమే తిరుగుతాను. వాక్యం చెప్పేటప్పుడు, ప్రభు బల్ల ఇచ్చేటప్పుడు కెమెరా సంచిలో ఉంటుంది, నేను వరుసలో కూర్చుంటాను. ప్రసంగిస్తున్న పాస్టరు గారి ఫోటో ఒకటి కావాలంటే మొదటి రెండు నిమిషాల్లోనే తీసేయాలి. అప్పుడైతే ఆయన చొక్కా మడతలు కూడా సరిగ్గా ఉంటాయి.

ఉద్యోగం మానేసి స్టూడియో పెట్టమని సలహా ఇచ్చేవాళ్లు చాలామందే ఉన్నారు. నాకు వచ్చే పనిలో సగానికి పైగా మే నెలలోనూ క్రిస్మస్ చుట్టుపక్కలా వస్తుంది. మిగతా నెలల్లో షాపు అద్దె కట్టాలంటే కోత పండుగకూ ఆదరణ కూటాలకూ కూడా డబ్బు అడగవలసి వస్తుంది. అడగడం మొదలుపెడితే నాకు పెళ్లిళ్లు తెచ్చిపెట్టే ఆ పలుకుబడే పోతుంది. బడి జీతం ఉన్నంత వరకే ఉచితంగా తీసే పనులు నాకు సాధ్యం, అవి ఉన్నంత వరకే డబ్బు పనులు వస్తాయి. ప్రస్తుతానికి సండే స్కూల్ పెద్ద తరగతిలోని ఒక కుర్రవాడికి, పెళ్లిళ్లలో నాతో పాటు రెండో కెమెరా పట్టే పని నేర్పుతున్నాను. పెళ్లికింత అని అతని కూలి ముందే మాట్లాడుకున్నాం, అడ్వాన్సు వచ్చిన రోజునే అతని వాటా అతనికి పంపేస్తాను. మే పెళ్లిళ్ల ఆల్బమ్‌లు జూన్‌లో బడి తెరిచేలోగా ల్యాబ్‌కు వెళ్లాలి కాబట్టి, ఫోటోల ఏరివేత కూడా ఈసారి అతనికే అప్పగించాలని అనుకుంటున్నాను.